మద్దెల నిజంగానే ఓడు

మూడో గేరు వేసిన ప్రతిసారీ బ్రేకమ్మ మనసులో ఒక దండం పెట్టుకుంటుంది. దేవుడికి కాదు. ఒక దర్జీ ఆవిడకి, ఆ దర్జీ మెడలో వేలాడే కొలత టేపుకి, గుప్పెట్లో పట్టే నాలుగు ఇత్తడి ముక్కలకి. రెండు నెలల కిందట ఈ మాట ఎవరైనా అని ఉంటే కారు ఆపి, తలుపు తీసి, దిగి నడవమని ఉండేది. అంత కోపం మనిషి.

ఆవిడ డ్రైవింగ్ స్కూలు టీచరు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆవిడ పక్క సీటులో కూర్చునేది. ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. పిల్లి అడ్డొచ్చినా, కాగితం ముక్క ఎగిరొచ్చినా, ఒక్కోసారి ఏమీ రాకపోయినా ఆ బ్రేకు మీద కాలు పడేది. ఎదురుగా టీచర్ అని పిలిచేవాళ్ళు, వెనక బ్రేకమ్మ అనుకునేవాళ్ళు. ఆవిడకి తెలుసు. తెలిసినా కిమ్మనేది కాదు, లోపల్లోపల కాస్త సంతోషం కూడా.

పద్నాలుగేళ్ళుగా ఒకటే కారు. ఆ కారుకి మూడో గేరు పడాలంటే ఒక విద్య ఉంది. రాడ్డు పట్టుకుని, మణికట్టు లోపలికి తిప్పి, కాస్త పైకెత్తి, పక్కకి వంచి, అప్పుడు ముందుకి తోయాలి. ఆవిడ ఆ విద్యని అట్టముక్క మీద నాలుగు వరుసల్లో రాసి డాష్‌బోర్డుకి అంటించింది. తిప్పు, ఎత్తు, వంచు, తోయి. చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పించినట్టు పైకి చెప్పించేది. ఊళ్ళో ఎవరైనా కొత్త కారు నడుపుతూ గేరు దగ్గర మణికట్టు మెలితిప్పారంటే చాలు, చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఓహో, బ్రేకమ్మ శిష్యుడన్నమాట!

అది విద్య కాదు, జబ్బు అని ఆవిడకి తెలియదు. అదే ఈ కథంతా.

ఈ సంవత్సరం మొదట్లో లైసెన్సు ఆఫీసువాళ్ళు పద్ధతి మార్చారు. అంతకుముందు ఎవరు నేర్చుకున్న కారులో వాళ్ళు పరీక్ష ఇచ్చేవాళ్ళు. ఇకనుంచి అందరూ ఆఫీసు కారులోనే ఇవ్వాలన్నారు. అది కొత్త కారు. దాంతో బ్రేకమ్మ శిష్యులు ఒకరి తర్వాత ఒకరు తప్పడం మొదలుపెట్టారు. అందరూ ఒక్కచోటే తప్పేవాళ్ళు. రెండు నుంచి మూడుకి మార్చేచోట ఐదు పడేది, కారు దగ్గి దగ్గి నడిరోడ్డు మీద ఆగిపోయేది. అయిదు నెలల్లో ఏడుగురు అలా తప్పారు.

బ్రేకమ్మ దగ్గర దీనికి సమాధానం సిద్ధంగా ఉంది. "ఈ కాలం చేతులు! ఫోను తోసి తోసి చచ్చుబడిపోయాయి" అనేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ ఏడుగురిలో ఒకడు బేకరీ అతను. రొట్టెలు తనే దుకాణాలకి చేరవేసుకుందామని ముందే ఒక పాత వ్యాను కొనిపెట్టుకున్నాడు. రెండోసారి తప్పినరోజు అందరి ముందూ ఆవిడ, "నీ చెయ్యి పిండి పిసకడానికే పుట్టింది నాయనా, దీనికి కాదు" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి రాలేదు. వ్యాను బేకరీ పక్క సందులో నీలం పట్టా కప్పుకుని నిలబడిపోయింది. ఆవిడ రోజూ దాని పక్కనుంచే వెళ్ళేది. చూసేది కూడా. చూసి, పోనీలే, కొందరికి రాదు అనుకునేది.

ఏడో మనిషి దర్జీ.

దర్జీకి నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి, నోట్లో నాలుక ఉందా అనిపిస్తుంది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక ఆమె మిషను వారంలో నాలుగు రోజులు ముసుగేసుకునే ఉంటోంది. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళ బట్టలకి బొత్తాలు కుట్టడానికి, నడుములు సరిచేయడానికి వెళ్ళేది. అక్కడివాళ్ళకి ఆమె చెయ్యి, ఓపిక నచ్చాయి. పెద్దవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండికి డ్రైవరు కావాలి, నువ్వే లైసెన్సు తెచ్చుకో, నెలాఖరు దాకా ఇంకెవర్నీ పెట్టుకోం అన్నారు. ఆమెకి వచ్చిన ఒకే ఒక్క మంచి అవకాశం అది. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే మళ్ళీ ఆరు నెలలదాకా పరీక్షకే రానివ్వరు. నెలాఖరుకి పదకొండు రోజులే ఉన్నాయి.

రెండోసారి తప్పి వచ్చిన సాయంత్రం, తిరుగుదారిలో దర్జీ బెదురు బెదురుగా నోరు విప్పింది.

"టీచర్, ఒక్క మాట చెప్పనా? మీరు కోప్పడకూడదు."

"కోప్పడేదైతే కోప్పడతాను. చెప్పు."

"మన కారు గేరు రాడ్డు వదులుగా ఉందండి. లోపల ఏదో అరిగిపోయింది."

బ్రేకమ్మ కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. కారు ఆగిపోయింది. వెనక స్కూటరువాడు తిట్టుకుంటూ తప్పుకుపోయాడు.

"ఏమన్నావ్? పద్నాలుగేళ్ళ నుంచి నడుపుతున్నా. ఇన్ని వందలమందిని రోడ్డెక్కించా. ఆడలేక మద్దెల ఓడు అందిట నీలాంటిదే! వృద్ధాశ్రమం ముసలివాళ్ళు నీ బండెక్కితే మధ్యదారిలోనే పైకి పోతారు!"

దర్జీ తలదించుకుంది. కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "నా మిషనుకి ఒకసారి ఇలాగే అయిందండి" అని మాత్రం అంది. "సూది కడ్డీ ఊగకుండా పట్టి ఉంచే చిన్న గొట్టం, బుష్షంటారు, అది అరిగిపోయింది. కుట్టు తప్పుతూ ఉండేది. రెండేళ్ళు నా చెయ్యే పాడైందనుకున్నా. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో. బుష్షు మార్చినరోజు ఏడుపొచ్చింది టీచర్."

బ్రేకమ్మ వినలేదు. వినిపించింది, వినలేదంతే.

మర్నాడు కారుకి ఆయిల్ మార్చాలి. పాఠం కూడా కలిసొస్తుందని దర్జీ చేతనే నడిపించుకుంటూ షెడ్డుకి వెళ్ళింది. షెడ్డు మరిదిది, అంటే భర్త తమ్ముడిది. మంచి మెకానిక్కు, మాటకారి. వదినని ఆట పట్టించకపోతే అతనికి పొద్దుపోదు. అయితే ఇన్నేళ్ళలో ఆ కారు స్టీరింగ్ ముందు అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు. షెడ్డు గేటు దగ్గరికి రాగానే ఆవిడే సీటు మారి, లోపలికి తీసుకెళ్ళి, గుంత మీద సరిగ్గా నిలబెట్టి దిగేది. తన బండి తనే పెట్టుకోవాలి. అతను కింద దూరి ఆయిల్ మార్చేవాడు, పైకొచ్చి టీ తాగేవాడు.

ఆరోజు వదినా మరుదులు టీ తాగుతూ వాదించుకుంటుంటే, దర్జీ మెల్లగా కారెక్కింది. ఇంజను ఆపి ఉంది. మూడో గేరు వేసింది. మెడలోంచి టేపు తీసి, రాడ్డు పైనున్న గుండు దగ్గర అడ్డంగా పట్టుకుంది. గుండుని అటు నెట్టింది, ఇటు లాగింది. అంకె చూసింది. తర్వాత దిగి, పక్కన రిపేరుకొచ్చిన ఇంకో కారు దగ్గరికెళ్ళి, "అన్నా, దీన్ని ముట్టుకోవచ్చా?" అని అడిగింది. మరిది తలూపాడు. దాన్నీ అలాగే కొలిచింది.

"ఏంటమ్మా, గేరుకి జాకెట్టు కుడుతున్నావా?" అన్నాడతను.

"గేరులో ఉన్నప్పుడు ఆ కారుది అర అంగుళం ఊగుతోందన్నా. టీచరుగారిది మూడుంపావు అంగుళాలు."

మరిది టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. వచ్చి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి వదిన కారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆవిడ "ఏయ్" అనేలోపే గేటు దాటించి వీధిలోకి తీసుకెళ్ళాడు. మలుపు దాకా వెళ్ళాడో లేదో, గరగరమని చప్పుడు, తర్వాత దగ్గు, తర్వాత నిశ్శబ్దం. అతి కష్టం మీద తిప్పుకొచ్చి నిలబెట్టాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"వదినా, ముప్పయ్యేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నా. నాకు మూడో గేరు దొరకలేదు. నువ్వు దీంతో మనుషులకి నేర్పుతున్నావా!"

"నాకు దొరుకుతుందిగా?" అంది ఆవిడ. గొంతులో మునుపటి బలం లేదు.

"నీకెందుకు దొరకదు? అది రోజుకింత అరుగుతుంటే నీ చెయ్యి రోజుకింత వంకర తిరిగింది. రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం చేస్తారు?"

అతను అక్కడికక్కడే పని మొదలుపెట్టాడు. గేరు రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు లాగితే చేతిలోకి ముక్కలుగా వచ్చింది. ప్లాస్టిక్ పెట్టె విప్పాడు. రాడ్డు అడుగున నాలుగు బోల్టులు, ఒక్కోదాని కింద ఒక రబ్బరు బుష్షు ఉండాలి. రెండు నలిగి అట్టముక్కల్లా ఉన్నాయి, మిగతా రెండు అసలు లేనే లేవు. తర్వాత బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర పిన్ను ఊడదీశాడు. అక్కడ ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్షు పొడి పొడిగా వేళ్ళ మీద రాలింది. ఆ పొడిని వదిన అరచేతిలో పోశాడు.

"ఇదీ నీ విద్య" అన్నాడు. మాట అనేశాక నాలుక్కరుచుకున్నాడు. ఆవిడ తిరిగి ఏమీ అనకపోవడం అతనెప్పుడూ చూడలేదు.

బ్రేకమ్మ ఆ పొడిని చూస్తూ నిలబడింది. ఏడుగురి ముఖాలూ ఒక్కొక్కటీ కళ్ళముందు తిరిగాయి. ఫోను చేతులు, పిండి చేతులు, మొద్దు చేతులు అని ఎన్ని పేర్లు పెట్టింది! నవ్విన బేకరీ అతని ముఖం దగ్గరికొచ్చేసరికి సిగ్గేసింది. అలాంటి సిగ్గు ఆవిడ తన పెళ్ళినాడు కూడా పడలేదు.

"మామూలు రబ్బరువి వేయనా, కొంచెం గట్టివి వేయనా?" అన్నాడు మరిది. "ఇత్తడివి ఉన్నాయి. కాస్త చప్పుడు వినిపిస్తుంది గానీ నీ మనవలు నేర్చుకున్నా అరగవు."

"గట్టివే వెయ్యి" అంది ఆవిడ.

నాలుగు ఇత్తడి బుష్షులు వేసి, కేబుల్ చివరలకి కొత్తవి తొడిగి, గ్రీజు పూసి బోల్టులు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ కాసేపట్లో దర్జీ పాత తొడుగు ముక్కల్ని నేల మీద పేర్చి కొలతలు రాసుకుంది. తన దగ్గర ఒక పాత సంచీ తోలు ఉందని, రేపటికి కొత్త తొడుగు కుట్టుకొస్తానని అంది. తిట్టించుకున్న మనిషే ఆ మాట అనేసరికి బ్రేకమ్మకి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. థాంక్స్ అనడం ఆవిడకి అలవాటు లేని గేరు, చప్పున పడదు.

"నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చో" అంది దర్జీతో.

ఒకటి, రెండు బాగానే పడ్డాయి. వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి. వీధి చివర మూడు వేయాలి. చెయ్యి తన పాటికి తాను తిరిగింది, ఎత్తింది, వంచింది, తోసింది. ఐదు పడింది. కారు దగ్గింది. ఆవిడ జీవితంలో ఎన్నడూ చేయని పని చేసింది, కళ్ళు రోడ్డు మీదనుంచి తీసి కిందికి, గేరు వైపు చూసింది. ఎవరైనా అలా చూస్తే చెవులు మెలేసినంత పని చేసే మనిషి! కారు పక్కకి ఒరిగి, రోడ్డు వార ఆగి ఉన్న నీళ్ళ ట్యాంకరు మీదికి పోతోంది.

ధన్‌మని ఆగింది. ట్యాంకరుకీ కారుకీ మధ్య మూరెడు జాగా ఉంది. పక్కసీటు బ్రేకు మీద దర్జీ కాలు ఉంది.

దర్జీ భయంభయంగా, "కళ్ళు రోడ్డు మీద ఉండాలి కదా టీచర్" అంది.

బ్రేకమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉంటే కళ్ళనీళ్ళు వచ్చాయి, అవి నవ్వువి కావు. "ఆ బ్రేకు నీకే ఇచ్చేస్తాను, తీసుకుపో" అంది. ముఖం తుడుచుకుని, "నాకు మూడో గేరు రావడం లేదే. నువ్వు నేర్పు" అంది.

"నేనా?"

"నువ్వే. చేతుల సంగతి నీకే తెలుసు."

దర్జీ రాడ్డు గుండు మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ మెల్లగా కదిపి చూసింది. "రెండులోంచి బయటికి తీయండి. తీసి వదిలేయండి. చూశారా, లోపల స్ప్రింగు దాన్ని మధ్యకి తనే తెచ్చుకుంది. ఇంక పట్టుకోకండి. అరచేత్తో ముందుకి తోయండి, అంతే. మీరు ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు టీచర్, అది వెళ్ళాల్సిన చోటే ఉంది."

మొదటిసారి రాలేదు. అయిదోసారీ రాలేదు. పద్నాలుగేళ్ళ అలవాటు పూటలో పోతుందా? పదోసారి చెయ్యి తిరగకుండా ఆగింది. అరచెయ్యి తోసింది. టక్. మూడు పడింది.

ఆ టక్ శబ్దానికి ఆవిడ ఒళ్ళు జలదరించింది. ఇంత సులువా! ఇంత సులువైన దాన్ని నేనా నాలుగు వరుసల మంత్రం చేసి జనాల్ని చంపుకుతిన్నది? డాష్‌బోర్డు మీది అట్టముక్క పీకి నాలుగు ముక్కలు చేసింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. ఒకరు నడిపితే ఒకరు పక్కన. వందలమందికి నేర్పిన టీచరు పక్కన కూర్చున్న శిష్యురాలితో "ఊ, చెయ్యి వదలండి" అనిపించుకుంటుంటే ఇంట్లో భర్త, షెడ్డులో మరిది కడుపుబ్బ నవ్వారు. ఆవిడ నవ్వనిచ్చింది. దర్జీ కుట్టిన నల్లతోలు తొడుగు గేరు చుట్టూ కొత్త చొక్కాలా బిగిసి కూర్చుంది. కుట్టు కుట్టుకీ ఒకటే దూరం. ఆవిడ పొద్దున్నే గుడ్డపెట్టి దాన్ని తుడిచేది.

పరీక్ష నెలాఖరుకి ముందురోజు. బ్రేకమ్మ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. వందలసార్లు కూర్చున్న బెంచీయే, ఇవాళ మాత్రం వెనక్కి ఆనుకోలేకపోయింది. ఈ పిల్ల తప్పితే ఆ తప్పు నాది, ఈ పిల్ల చేతిది కాదు అని పదిసార్లు అనుకుంది. ఆఫీసు కారు ప్రహరీ చుట్టూ తిరిగి ఎదుటి రోడ్డు మీదికి వచ్చింది. మలుపు తిరిగింది, వేగం అందుకుంది. ఇక్కడే ఏడుగురూ తప్పింది. ఆవిడ బెంచీ మీంచి లేచింది.

అద్దంలోంచి దర్జీ చెయ్యి కనిపించింది. మణికట్టు తిరగలేదు. అరచెయ్యి ముందుకి వెళ్ళింది. కారు దగ్గలేదు, ఆగలేదు, సాగిపోయింది.

అరగంట తర్వాత దర్జీ చేతిలో కాగితంతో పరుగున వచ్చింది. కాళ్ళ మీద పడబోతే బ్రేకమ్మ భుజాలు పట్టి ఆపేసింది.

"మీ దయ టీచర్..."

"నోర్ముయ్. నా దయ ఏంటి? ఆడలేక మద్దెల ఓడు అన్నావని నిన్ను తిట్టాను. మద్దెల నిజంగానే ఓడు. ఊరంతా ఆడలేక కాదు, నా మద్దెల బాగాలేక తప్పింది. నువ్వు తిట్టించుకుని కూడా మర్నాడు టేపు పట్టుకుని వచ్చావు. నేనైతే రాను." చివరికి ఆ పడని గేరు వేసేసింది. "థాంక్స్ తల్లీ. నీకు ఋణపడి ఉన్నాను."

దర్జీ కళ్ళు తుడుచుకుంది. "నాకు చెప్పారు చాలు టీచర్. ఇంకా ఆరుగురున్నారు" అంది.

అదీ ఆమె. నోట్లో నాలుక లేదనుకున్నాం గానీ, ఉన్నదల్లా సరైనచోట ఉంది.

దర్జీని వృద్ధాశ్రమం గేటు దగ్గర దింపి బ్రేకమ్మ నేరుగా బేకరీ సందుకి వెళ్ళింది. నీలం పట్టా కప్పుకున్న వ్యాను పక్కన కారు ఆపింది. బేకరీ అతను గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడని చూడగానే మోచేతులదాకా పిండి ఉన్న చేతులు వెనక్కి దాచుకున్నాడు. అది చూసి ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

"దాచుకోకు నాయనా. వచ్చి కూర్చో, నీ సీటులో."

"చేతులకి పిండి ఉంది టీచర్. కడుక్కొస్తా."

"ఉండనీ. నా బండే కదా."

అతను అయోమయంగా కూర్చున్నాడు. సందు దాటారు. రెండులోకి వచ్చాక అతని మణికట్టు అలవాటుగా తిరగబోయింది. ఆవిడ దాని మీద తన చెయ్యి పెట్టి మెల్లగా ఆపింది. "వదిలెయ్. అదే వస్తుంది. ఇప్పుడు అరచేత్తో తోయి."

టక్.

అతను రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. నాలుగు వీధులు దాటాక అడిగాడు.

"టీచర్, కారు మార్చారా?"

"లేదు. అదే కారు. నాలుగు బుష్షులు అరిగిపోయి ఉన్నాయి, ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు. తప్పు నాది. నీ చేతిలో ఏ లోపమూ లేదు, అప్పుడూ లేదు."

అతను కారు పక్కకి తీసి ఆపాడు. చాలా చక్కగా ఆపాడు. ఆవిడ కాలు బ్రేకు దగ్గరికి కూడా వెళ్ళలేదు. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"మా ఆవిడ వ్యాను అమ్మేద్దామంటే, నేనే ఇంకా వద్దన్నాను టీచర్. ఎందుకన్నానో నాకే తెలియలేదు."

"రేపు పొద్దున్నే రా" అంది బ్రేకమ్మ. "వచ్చేముందు ఆ పట్టా తీసెయ్."

నల్లతోలు తొడుగు మీద అయిదు వేళ్ళ పిండి ముద్ర పడింది. ఆవిడ ఆరోజు దాన్ని తుడవలేదు.